అరాజకశబ్దార్థ విచారము

కొన్ని శబ్దములు తమకు మొదట లేని భారమును క్రమక్రమముగా మోయుచు వచ్చి, తుదకు ఆ భారమే తమ యర్థమైనట్లు లోకమునకు దోచు దశను పొందును. "అరాజకము" అట్టివానిలో నొకటి. గ్రామమున దొంగలు పడినను, నగరమున కొట్లాటలు జరిగినను, పాఠశాలలో బాలురు ఉపాధ్యాయుని మాట వినకున్నను "అరాజకము ప్రబలినది" అనుట వాడుక. ఈ శబ్దమునకే "వాద" శబ్దమును జేర్చి, ఐరోపాఖండమున బుట్టిన యొక రాజనీతి సిద్ధాంతమునకు పేరుగా నుంచిరి. అందుచే అరాజకవాది యనగా దోపిడిని, కలహమును, అవిధేయతను మంచివని వాదించువాడని సామాన్యజనులే గాక చదువరులును తలచుచున్నారు. ఆ సిద్ధాంతము నిజముగా నేమి చెప్పినది, దానికీ యపార్థ మెట్లు గలిగినది, ఆ యపార్థమువలన నెట్టి ఫలములు వచ్చినవి యను మూడు విషయములు ఇచ్చట విచారింపబడుచున్నవి. సిద్ధాంతము గ్రాహ్యమా త్యాజ్యమా యనుట వేరు ప్రశ్న. పూర్వపక్షమును సరిగా నెరుగక సిద్ధాంతము చేయుట శాస్త్రసమ్మతము కాదు గనుక ముందు పూర్వపక్షమునే తెలిసికొనవలసియున్నది.

1. ప్రాచీన గ్రంథములలో అరాజకము

వ్యుత్పత్తి సులభము. రాజు లేనిది అరాజకము. ఇందు కలత యను నర్థము గాని, దోపిడి యను నర్థము గాని శబ్దశక్తిచే లేదు. అది యితిహాసముల వర్ణనలనుండి వచ్చి చేరినది.

రామాయణమున అయోధ్యాకాండము 67-వ సర్గమున దశరథుని మరణానంతరము మార్కండేయాదులు సభ చేరి, వసిష్ఠు నుద్దేశించి, రాజులేని దేశ మెట్లుండునో చెప్పుదురు. అట్టి దేశమున మేఘుడు వర్షింపడు, విత్తనములు చల్లబడవు, కొడుకు తండ్రికి లోబడడు, వర్తకులు సరకులతో దూరమార్గములు పోజాలరు, ధనికులు తలుపులు తెరచి నిద్రింపజాలరు. ఒకే మాట పల్లవివలె శ్లోకము వెంట శ్లోకమున వచ్చుటచే ఈ వర్ణన చదివినవారి మనస్సున చెరగకుండ నిలుచును. అయితే సందర్భమును విస్మరింపరాదు. రాజు మరణించెను, పెద్దకొడుకు అడవిలో నున్నాడు, భరతుడు మేనమామ యింట నున్నాడు. సర్వవ్యవస్థయు రాజును నమ్ముకొనియున్న దేశమున సింహాసనము శూన్యమైనపుడు గలుగు భయమును ఆ బ్రాహ్మణులు చెప్పిరి. ఇది రాజు కావలసియుండియు లేని దేశపు వర్ణన. రాజు అక్కరలేని విధముగా దీర్చుకొనిన సంఘమును గూర్చి యిం దేమియు చెప్పబడలేదు.

మహాభారతమున శాంతిపర్వమునందు రాజోత్పత్తిని గూర్చి రెండు కథలు కలవు. ధర్మరాజు "రాజు" అను శబ్ద మెట్లు వచ్చినదని యడుగగా, కృతయుగారంభమున రాజ్యము గాని, రాజు గాని, దండము గాని, దండించువాడు గాని లేడనియు, ప్రజలు ధర్మముచేతనే యొండొరులను రక్షించుకొనిరనియు భీష్ముడు చెప్పెను. పిదప మోహము కలిగెను. దానివెంట లోభమును, కామమును, రాగమును వచ్చెను. అప్పుడు దండనీతి యవసరమయ్యెను. దండము లేకుండుటయు ధర్మము లేకుండుటయు ఒకటి కాదను భేదము ఇచ్చట స్పష్టము. మొదటిది యుండగా రెండవది లేని కాల మొకటి కలదని యితిహాసమే యొప్పుకొన్నది.

రెండవ కథలో రాజులేని ప్రజలు నీటిలోని చేపలవలె బలవంతులు దుర్బలులను మ్రింగగా నశించుచు, మొదట తమలో తాము సమయము చేసికొనిరి. పరుషముగా బలుకువానిని, పరస్త్రీల జేరువానిని, పరధనము హరించువానిని వెలివేయవలయునని దాని భావము. ఆ యొప్పందముమీద కొంతకాలము నిలిచి, చాలక, బ్రహ్మకడకు బోయి రాజు నడిగిరి. మనువు మొదట నంగీకరింపలేదు. పశువులలోను బంగారమునను ఏబదవపాలు, ధాన్యమున పదియవపాలు ఇత్తుమని ప్రజలు చెప్పి యొప్పించిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమునను ఈ కథ కలదు. అచ్చట ధాన్యమున ఆరవపాలు, పణ్యమున పదియవపాలు అని యున్నది. ఐరోపా పండితులు పందొమ్మిదవ శతాబ్దమున తర్కించిన ప్రశ్న, అనగా స్వేచ్ఛగా జేసికొనిన యొప్పందము దండధరుడు లేకుండ నిలుచునా యను ప్రశ్న, ఈ కథలోనే బీజరూపమున నున్నది. భీష్ముని కథ నిలువదని చెప్పినది. అరాజకవాదులు నిలుచునని చెప్పిరి. భేద మంతమాత్రమే.

జైనుల ఆచారాంగ సూత్రమున, భిక్షువులు పోదగని దేశములను లెక్కించుచో, రాజులేని దేశము, గణరాజ్యము, యువరాజు పాలించునది, ఇద్దరు రాజులు గలది అని వరుసగా జెప్పబడెను. దీనినిబట్టి కాశీప్రసాద్ జాయస్వాల్ 1924-లో వెలువరించిన "హిందూ పాలిటీ" యను గ్రంథమున, అరాజక మనునది ప్రాచీన భారతమున నొక రాజ్యాంగవిశేషమై యుండెనని వాదించెను. పండితు లందరును దీని నంగీకరింపలేదు. అయినను, ఆ సూత్రమున అరాజకము గణరాజ్యాదులతోబాటు ఒక పంక్తిలో నుంచబడిన మాట నిజము. కావున మన వాఙ్మయమున ఈ శబ్దమున కొక్కటే ఛాయ యుండెననుట సరికాదు. రామాయణవర్ణన మిక్కిలి మనోహరమగుటచే దాని ఛాయయే నిలిచి, తక్కినవి మరుగుపడినవి.

2. యవన శబ్దము, దాని ప్రయాణము

ఐరోపా భాషలలోని "అనార్కీ" శబ్దమును ఇట్టిదే. గ్రీకున "ఆర్ఖోన్" అనగా అధిపతి. నిషేధార్థకమగు ఉపసర్గ చేరగా అధిపతి లేమి యని యర్థము. ఏథెన్సు నగరమున సంవత్సరములు ఆనాటి ముఖ్యాధికారి పేరుతో వ్యవహరింపబడుచుండెను. క్రీ. పూ. 404-403 సంవత్సరమున ముప్పదిమంది నిరంకుశులు నియమించిన యధికారిని ఏథీనియులు పిదప నంగీకరింపక, ఆ యేటిని "అనార్కియా" యని, అనగా అధిపతిలేని యేడని వ్యవహరించిరి. ఆ యేడు జరిగిన హత్యలు పాలకులు లేకపోవుటచే జరిగినవి కావు. పాలకులు మితిమీరుటచే జరిగినవి. శబ్దచరిత్రలో నిదియొక వింత.

ఫ్రెంచి విప్లవకాలమున ఈ శబ్దము తిట్టుగా మారెను. 1793-లో బ్రిస్సో అనునాయకుడు తన ప్రతిపక్షులను అరాజకులని దూషించెను. తరువాతి డైరెక్టరీ ప్రభుత్వమును తన విరోధుల నట్లే పిలిచెను. పిలువబడినవారెవ్వరును రాజ్యము వలదన్నవారు కారు. వారిలో పెక్కురు బలిష్ఠమగు రాజ్యాధికారమునే కోరినవారు. ఇట్లు, ఆ పేరు గల సిద్ధాంతము పుట్టకమునుపే ఆ పేరు నిందావాచకమై యుండెను. నలువదియేండ్ల కనంతరము ఒక తత్త్వవేత్త యా నిందను బిరుదుగా దాల్చుటయే ఈ చరిత్రలో ముఖ్యఘట్టము.

3. సిద్ధాంతకర్తలు, వారి మతము

1793-లోనే ఇంగ్లండున విలియం గాడ్విన్ రాజకీయ న్యాయమును గూర్చి యొక మహాగ్రంథము ప్రకటించెను. అతడు అరాజకవాది యను పేరు దాల్చలేదు. కాని మనుష్యుని బుద్ధి వికసించుకొలది ప్రభుత్వముతో పని తగ్గుననియు, బలాత్కారముచే జేయించిన మంచిపని మంచితనమును బెంపదనియు ప్రతిపాదించెను. ఆతడు మతబోధకుడుగా జీవితమారంభించినవాడు, హింసకు విరోధి, విప్లవముకంటె వాదప్రతివాదములను నమ్మినవాడు.

ఆ పేరును మొదట స్వయముగా దాల్చినవాడు ఫ్రాన్సుదేశీయుడగు పియర్ జోసెఫ్ ప్రూధాన్. 1809-లో బెజాన్సోఁ పట్టణమున బీదకుటుంబమున జనించి, అచ్చుకూటమున నక్షరములు కూర్చుచు విద్య గడించిన యితడు 1840-లో స్వత్తును గూర్చి వ్రాసిన గ్రంథమున తాను అరాజకవాదినని ప్రకటించెను. అధిపతి లేమియే క్రమమునకు ఆధారమని యాతని వాదము. ఆతడు సొత్తు నంతయు నిందించెనని లోకమున బ్రథ. నిజమునకు, దున్నువాని భూమిని, పనివాని పనిముట్లను ఆతడు "అనుభవము" అని వేరుచేసి సమర్థించెను. ఒకడు పనిచేయగా వేరొకడు ఫలము గొనుటకు హక్కిచ్చు స్వామ్యమును మాత్రము దూషించెను. 1848-లో శాసనసభాసభ్యుడై, 1849-లో వడ్డీలేని ఋణములిచ్చుటకు ప్రజాబ్యాంకు నొకదానిని స్థాపింప యత్నించెను. ఈతని మార్గము బాంబు కాదు, పరస్పరఋణము.

రష్యాదేశపు కులీనుడగు మిహాయిల్ బకూనిన్ (1814-1876) వేరు ప్రకృతి గలవాడు. చెరసాలలను, సైబీరియా ప్రవాసమును అనుభవించి, 1861-లో అచ్చటినుండి తప్పించుకొని, జపాను, అమెరికాల మీదుగా లండను చేరెను. అంతర్జాతీయ శ్రామికసంఘమున మార్క్సుతో నాతడు చేసిన వాదము ప్రసిద్ధము. శ్రామికులు రాజ్యాధికారమును బట్టుకొని, దానిచే సంఘమును మార్చవలయునని మార్క్సు పక్షము. అట్లు పట్టుకొనినవారు క్రొత్త పాలకవర్గమై, శ్రామికుల పేరిట శ్రామికులనే యేలుదురని బకూనిన్ పక్షము. 1872-లో హేగ్ మహాసభ యాతనిని బహిష్కరించెను. సామ్యవాదమున రెండు శాఖలు నాటితో విడిపోయినవి. బకూనిన్ విప్లవహింసను సమర్థించిన మాట దాచదగినది కాదు. కాని యాతని భయము ఇరువదవ శతాబ్దపు చరిత్రలో నిరాధారము కాలేదనుట కూడ దాచదగినది కాదు.

ఈ మతమునకు శాస్త్రరూప మొసగినవాడు పీటర్ క్రొపాట్కిన్ (1842-1921). రాజవంశీకుడు, భూగోళశాస్త్రజ్ఞుడు. 1872-లో స్విట్జర్లండున జురా పర్వతప్రాంతమున గడియారములు చేయు పనివారు యజమాని యాజ్ఞ లేక, తమలో తాము సమాలోచించుకొని సంఘకార్యములు నడుపుట చూచి, యీ మతము నవలంబించెను. జీవులందు పోరాటమే ధర్మమని హక్స్‌లీ 1888-లో వ్రాసిన వ్యాసమునకు ప్రత్యుత్తరముగా, జంతువులలోను, ఆటవికులలోను, మధ్యయుగ నగరములలోను పరస్పరసాహాయ్య మెట్లు జాతులను నిలిపినదో యాతడు వరుసగా వ్యాసములు వ్రాసెను. అవి 1902-లో గ్రంథమైనవి. మత్స్యన్యాయమునకు ఐరోపాలో బుట్టిన ప్రత్యుత్తరముగా దానిని భావింపవచ్చును. రాజు లేనిచో చేపలవలె మ్రింగుకొందురను మాటకు, చేపలును గుంపులుగనే తిరుగునని యాతని సమాధానమనవచ్చును.

వీరందరి మతములలో భేదములు పెక్కులు. ప్రూధాన్ పరస్పరతావాది, బకూనిన్ పనిముట్లు సంఘమునకు, కూలి పనివానికి జెందవలయుననెను, క్రొపాట్కిన్ అవసరమును బట్టి యందరకు నన్నియు ననెను, జర్మనుడగు మాక్స్ స్టిర్నర్ వ్యక్తికంటె పరమైనది లేదనెను, టాల్‌స్టాయి క్రీస్తు బోధను ఆధారముగా గొని, బలాత్కారమే రాజ్యమునకు మూలము గనుక క్రైస్తవుడు దానికి సహాయపడరాదనెను. అయినను సామాన్యాంశములు మూడు కలవు. మొదటిది: సంఘము వేరు, రాజ్యము వేరు. సంఘము సహజము, రాజ్యము చరిత్రలో నొకానొకప్పుడు పుట్టినది, కావున పోవచ్చును. రెండవది: నియమము వేరు, ఆజ్ఞ వేరు. అంగీకరించినవాడు తన్ను తాను గట్టుకొనునది నియమము. అంగీకారముతో నిమిత్తములేక బలముచే గట్టునది ఆజ్ఞ. మూడవది: సంఘటనము క్రిందినుండి పైకి పోవలయును, గ్రామములు, పనివారి సంఘములు స్వతంత్రములై, కార్యమునుబట్టి సమాఖ్యలుగా గూడవలయును.

ఈ మూడవ యంశమునకు క్రొపాట్కిన్ చూపిన యుదాహరణములు కల్పితములు కావు. ఐరోపాలోని యనేక రైలుకంపెనీలు తమపై నొక యధినాయకుడు లేకయే యొప్పందములు చేసికొని, ఒక దేశపు బండిని మరొక దేశమునకు నడుపుట. ఇంగ్లండు తీరమున ప్రాణరక్షక నౌకాసంఘము స్వచ్ఛందసేవకులతో సముద్రమున మునుగువారిని గాపాడుట. యుద్ధభూమిలో రెడ్‌క్రాసువారి సేవ. ఇవి యన్నియు క్రమము గలవి, నియమములు గలవి, కాని దండమువలన నడచునవి కావు. అరాజకవాద మనగా వ్యవస్థాభావము కాదనుటకు ఇంతకంటె స్పష్టమగు నిదర్శన మక్కరలేదు.

4. అపార్థకారణములు

ఇట్లుండగా బాంబు చేత బట్టినవాని రూపమే అరాజకవాది రూపముగా లోకమున నేల నిలిచినది? కారణము లేకపోలేదు. 1881-లో లండనున గూడిన యొక మహాసభ "కృత్యముచే ప్రచారము" అను పద్ధతి నంగీకరించెను. ఆ తరువాతి ఇరువది యేండ్లలో కొందరు దానిని హత్యగా నర్థము చేసికొనిరి. 1893 డిసెంబరున వైయాఁ అనువాడు ఫ్రెంచి శాసనసభలో బాంబు విసరెను. 1894-లో ఫ్రెంచి రాష్ట్రపతి సాదీ కార్నో, 1897-లో స్పెయిన్ ప్రధానమంత్రి కానోవాస్, 1898-లో ఆస్ట్రియా రాణి ఎలిజబెత్, 1900-లో ఇటలీ రాజు ఉంబెర్టో చంపబడిరి. హంతకులు తాము అరాజకవాదులమనియే చెప్పుకొనిరి. ఇది కల్పన గాదు. ఈ మతచరిత్రలో చెరగని కళంకము. శతాబ్దముల చరిత్రపై గట్టబడిన వ్యవస్థ కొద్దిపాటి మందుగుండుతో కూలదని క్రొపాట్కినే చెప్పవలసివచ్చెను.

కాని ఆ కళంకము అంతటితో నాగలేదు. చేయని పనులును ఈ మతమున కంటగట్టబడినవి. 1881-లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరును జంపినవారు "ప్రజాసంకల్ప" పక్షమువారు. వారు పిదప క్రొత్త చక్రవర్తికి వ్రాసిన లేఖలో ప్రజాప్రతినిధుల సభను గూర్పుమని కోరిరి. ప్రతినిధిసభను గోరువాడు అరాజకవాది కాడు. అయినను ఆ హత్యయు ఈ లెక్కలోనే చేర్పబడుచు వచ్చెను. 1901 సెప్టెంబరున అమెరికా రాష్ట్రపతి మెకిన్లీని గాల్చిన చోల్‌గోజ్ అనువానిని గూర్చి, అతడు గూఢచారియై యుండునేమోయని అరాజకవాదుల పత్రికయే కాల్పులకు కొన్ని దినములు ముందు హెచ్చరిక ప్రకటించెను. అయినను 1903-లో అమెరికా చేసిన శాసనము, ఏ నేరము చేయకున్నను అరాజకవాదమును నమ్మినంతమాత్రమున విదేశీయుని దేశమునకు రానీయరాదని విధించెను. అభిప్రాయమే నేరమయ్యెను.

ఈ యపార్థమువలన ప్రాణములును బోయినవి. దీనికి చికాగో వృత్తాంతము సాక్ష్యము. దినమునకు ఎనిమిది గంటల పని కావలయునని 1886 మే 1-వ తేదీన అమెరికా శ్రామికులు సమ్మె ప్రారంభించిరి. 3-వ తేదీన చికాగోలో నొక కర్మాగారమువద్ద పోలీసులు శ్రామికులపై గాల్పులు జరిపిరి. మరునాటి రాత్రి హేమార్కెట్ ప్రాంతమున ఖండనసభ జరిగెను. సభ ముగియవచ్చి, జనము పలుచబడినపుడు పోలీసులు దండుగా వచ్చి వెడలిపొండనిరి. అప్పుడెవ్వడో బాంబు విసరెను. ఏడుగురు పోలీసులు మరణించిరి; పోలీసు కాల్పులవలన శ్రామికులును మరణించిరి. బాంబు విసరినవా డెవ్వడో నాటికిని, పిదపను తేలలేదు.

ఎనమండుగురు అరాజకవాదులపై నేరము మోపబడెను. బాంబు పడిన క్షణమున ఆ స్థలమున నున్నవారు వీరిలో నిద్దరే. వారిలో లింగ్ అనువాడు బాంబులు చేయుచుండెననుట నిజము. కాని ఆ బాంబును విసరినవానితో వీరికి సంబంధము గలదని నిరూపింపబడలేదు. వారి వ్రాతలును, ఉపన్యాసములును విసరినవానిని ప్రేరేపించి యుండుననుటయే వాదమయ్యెను. ఏడుగురికి మరణదండనము, ఒకనికి పదునైదేండ్ల చెర విధింపబడెను. ఇద్దరికి శిక్ష యావజ్జీవముగా మార్పబడెను. లింగ్ చెరలోనే ప్రాణము దీసికొనెను. 1887 నవంబరు 11-వ తేదీన పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్ అను నలువురు ఉరితీయబడిరి. 1893 జూన్ 26-వ తేదీన ఇల్లినాయ్ గవర్నరు ఆల్ట్‌గెల్డ్, ఆ విచారణ న్యాయముగా జరుగలేదని విపులముగా వ్రాసి, మిగిలిన మువ్వురిని విడుదల చేసెను. ఉరితీయబడినవారి విషయమున నాతడు చేయగలిగిన దేమున్నది? నేడు ప్రపంచమున మే నెల మొదటి దినమును శ్రామికదినముగా జరుపుకొనుట యీ యుద్యమమునుండి వచ్చినదే. 1889-లో పారిసున గూడిన మహాసభ దాని నిర్ణయించెను. ఆ దినమును జరుపువారిలో దాని మూలమున అరాజకవాదులు కలరని యెరిగినవారు కొలదిమంది.

1898-లో ఆస్ట్రియా రాణి హత్యానంతరము రోమున 21 రాజ్యముల ప్రతినిధులు చేరి, అరాజకకృత్యమును రాజకీయ నేరముగా గణింపరాదని నిశ్చయించిరి. ఒక తత్త్వము తత్త్వముల పట్టికనుండి తీసివేయబడి పోలీసు పట్టికలో జేర్పబడిన దినమది. ఈ స్థితిని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా చక్కగా చూపుచున్నది. దాని పదునొకండవ కూర్పున (1910-11) అరాజకవాదమును గూర్చిన వ్యాసము క్రొపాట్కిన్ వ్రాసెను. ఆ వ్యాసమున గ్రీకు తత్త్వవేత్తలనుండి ఆ మతచరిత్ర యంతయు జెప్పబడెను. సంపాదకుడు దానిక్రింద నొక సూచిక చేర్చి, లోకులు ఆ పేరుతో జెప్పుకొను హత్యలను వివరించెను. పైభాగమున సిద్ధాంతము, క్రింద అపార్థము, రెండును ఒకే పుటలలో నిలిచినవి.

5. భారతదేశమున

ఈ శబ్దము భారతదేశమునకు అధికారుల వ్రాతలద్వారా వచ్చినది. వంగదేశమున బాంబులు, తుపాకులు బట్టిన దేశభక్తులను ఆంగ్లప్రభుత్వము అరాజకవాదులని పిలిచెను. రౌలట్ చట్టమని పేరుగన్న 1919-వ సంవత్సరపు శాసనమునకు అధికారనామము "అరాజక, విప్లవ నేరముల శాసనము". విచారణ లేకుండ జనులను నిర్బంధించుట కది వీలు గల్పించెను. దానిపై జరిగిన యాందోళనమే జలియన్‌వాలాబాగ్ ఘోరమునకు దారితీసెను. ఆ పేరుతో నిందింపబడిన వంగీయ విప్లవకారులు రాజ్యము వలదన్నవారు కారు. పరరాజ్యము వలదు, స్వరాజ్యము కావలయునన్నవారు. బ్రిస్సో ఫ్రాన్సున జేసినట్లే, ఇచ్చటను శబ్దము తన యర్థముతో నిమిత్తములేక దూషణమై పనిచేసినది.

ఆ సిద్ధాంతమును నిజముగా జదివిన భారతీయులు వేరుగా నుండిరి. మద్రాసున 1887-లో జన్మించిన ఎం. పి. టి. ఆచార్య ఐరోపాలో చిరకాలముండి, కమ్యూనిస్టు పక్షమును విడిచి, అరాజకవాది యయ్యెను. భగత్‌సింగ్ 1928-లో "కీర్తి" యను పంజాబీ పత్రికలో ఈ మతమును గూర్చి వ్యాసములు వ్రాసి, ప్రజలలో ఆ పేరు రక్తపిపాసకు పర్యాయమై పోయినదని విచారించెను. 1929 ఏప్రిలు 8-వ తేదీన కేంద్రశాసనసభలో వెదజల్లిన కరపత్రము ఫ్రెంచి వైయాఁ మాటల ప్రతిధ్వనితో నారంభమగుట యాతని పఠనమునకు గురుతు.

మహాత్మాగాంధి 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూవిశ్వవిద్యాలయోత్సవమున, తానును అరాజకవాదినే కాని వేరువిధపు వాడనని చెప్పి సభను గలవరపెట్టెను. ఆతడు టాల్‌స్టాయి గ్రంథమును దక్షిణాఫ్రికాలో జదివి, 1910-లో నచ్చట ఆతని పేర నొక క్షేత్రమును స్థాపించినవాడు. 1931-లో "యంగ్ ఇండియా" పత్రికలో, జాతిజీవనము తన్ను తాను నడుపుకొనునంతటి పరిపూర్ణత నొందినచో ప్రతినిధులతో పనియుండదనియు, అది ప్రబుద్ధమగు అరాజకస్థితి యనియు వ్రాసెను. భీష్ముడు కృతయుగమునకు జెప్పినదానిని గాంధి భావికాలమునకు జెప్పెనని పండితులు గుర్తింపవచ్చును. గాంధి శిష్యుడగు వినోబా భావే తెలంగాణమున నల్లగొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిలు 18-వ తేదీన భూదానోద్యమమును బ్రారంభించి, శాసనముక్త సమాజము తన గమ్యమని బోధించెను. తెలుగుదేశమున ఈ భావ మాచరణరూపమున దోచిన ప్రసిద్ధఘట్ట మిదియే.

దీనికి భిన్నముగా, డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25-వ తేదీన రాజ్యాంగసభలో మాటలాడుచు, రాజ్యాంగమార్గములు తెరచియుండగా సహాయనిరాకరణాది పద్ధతులను విడువవలయుననియు, అవి అరాజకమునకు వ్యాకరణమువంటివనియు హెచ్చరించెను. గాంధి శబ్దమును పరిపూర్ణతకును, అంబేద్కర్ వినాశనమునకును వాడిరి. శబ్ద మొక్కటి, అర్థములు రెండు. ఎవ్వరి మాటయు అసంగతము కాదు. తరతరములుగా గ్రామపు పెద్దలవలన బాధలందినవారికి దండధరుడగు న్యాయమూర్తియే రక్ష యని అంబేద్కర్ యెరుగును. స్వచ్ఛంద గ్రామసంఘమను పేరు వినగానే బలవంతుని యాధిపత్యమును శంకించుట కాతనికి కారణము కలదు. అరాజకవాదమునకు జెప్పదగిన యాక్షేపణలలో నిదియే బలమైనది. శాంతిపర్వపు చేపల కథ సారమును ఇదియే.

6. పరీక్షాకాలము

ఈ మతము గ్రంథములందే యుండెననరాదు. స్పెయిన్ దేశమున 1910-లో స్థాపింపబడిన సి. ఎన్. టి. యను శ్రామికసమాఖ్య ఈ సిద్ధాంతమును బట్టి నడచెను. 1936 జూలైలో సైన్యాధిపతులు తిరుగుబాటు చేయగా, బార్సిలోనాలో వారి నెదిర్చి నిలిచినవారిలో ఈ సమాఖ్యవారు ముఖ్యులు. కటలోనియాలో కర్మాగారములు, ట్రాములు పనివారి సంఘముల చేతికి వచ్చెను. ఆరగాన్ గ్రామములలో భూములు ఉమ్మడిగా సాగుచేయబడెను. ఆ మొదటి మాసములలోనే వేలకొలది మతాచార్యులు చంపబడిరి. ఆ హత్యలలో అరాజకవాదులకును భాగము కలదు. ఆ నవంబరున నలువురు అరాజకవాదులు మంత్రులైరి. రాజ్యమును ఖండించినవారే రాజ్యమున జేరుటను తోడివారే నిందించిరి. 1937-లో తోడి పక్షములతో కలహము గలిగెను. ఆరగాన్ సమితి రద్దుచేయబడెను. 1939-లో ఫ్రాంకో విజయముతో ఆ ప్రయత్న మంతరించెను. దండము లేకుండ పంటలు పండింపవచ్చునని యా గ్రామములు కొంతవరకు జూపినవి. దండము లేకుండ యుద్ధము గెలువవచ్చునని చూపజాలలేదు.

7. శబ్దనిర్ణయము

పైని చెప్పినదానినిబట్టి మూడు సంగతులు తేలుచున్నవి. అరాజకవాదము కలతను గోరు మతము కాదు. దండముపై నాధారపడని క్రమమును గోరు మతము. ఆ మతమువారిలో కొందరు హింస చేసిరి. తక్కిన రాజనీతిమతములవారును హింస చేసిరి. హింసనుబట్టి మతలక్షణము చెప్పుట అవ్యాప్తి, అతివ్యాప్తి దోషములు రెండింటికిని లోనగును. టాల్‌స్టాయికి వర్తింపదు గనుక అవ్యాప్తి. వంగీయ దేశభక్తులకు వర్తించును గనుక అతివ్యాప్తి. మూడవది: ఈ మతమును ఖండింపదలచువారు, మనుష్యులు దండము లేక ధర్మమున నిలువజాలరని నిరూపింపవలయునే కాని, అరాజకవాదులు ధర్మమునే వలదనిరని చెప్పరాదు.

తెలుగు వ్యవహారమున ఈ చిక్కును దీర్చుటకు సాధనము చేతిలోనే యున్నది. జనులు నోట "అరాచకము" అను రూపము వాడుచున్నారు. దౌర్జన్యము, అక్రమము అని దాని యర్థము. రాజుతో దానికి సంబంధమే తోపదు. ఇది అరాజకశబ్దమునకు అపభ్రంశమని త్రోసివేయక, కలతను జెప్పుట కా రూపమునే నిలిపి, రాజులేమిని జెప్పుటకు "అరాజకము"ను, సిద్ధాంతమును జెప్పుటకు "అరాజకవాదము"ను వాడినచో మూడర్థములకు మూడు శబ్దము లేర్పడును. పత్రికలు కొన్ని సిద్ధాంతమునే "అరాచకవాదము" అని వ్రాయుచున్నవి, అది విడువదగినది. పాఠ్యగ్రంథములలో ఈ భేదమును పాటించినయెడల, బాలుడు గాడ్విన్ పేరును, టాల్‌స్టాయి పేరును విన్నప్పుడు అయోధ్యాకాండపు శూన్యసింహాసనమును గాక, శాంతిపర్వమున భీష్ముడు చెప్పిన మొదటి కథను స్మరించును. పిదప రెండవ కథయు సత్యమేమో యని యాతడే విచారించుకొనును.